ఆమె పేరు నేను అడగలేదు



ఖమ్మంలో తపస్సుకాలం వచ్చిందని తెలుసుకోవటానికి క్యాలెండరు చూడనక్కరలేదు. ముక్కే చెబుతుంది. విభూది బుధవారంనాటికి మిరప మార్కెట్టు నిండుమీద ఉంటుంది. బస్తాలు ఎత్తుకున్న ట్రాక్టర్లు, లారీలు యార్డు ముందు బారులు తీరి ఉంటాయి. ఆ ఘాటు గాలిలో కలిసి మన వీధులదాకా వస్తుంది. తెల్లవారుజామున పూజకు బయలుదేరితే మొదటి తుమ్ము సందు మలుపులోనే. ఫాదరుగారు ప్రసంగం మొదలుపెట్టగానే గుడిలో ఒక మూల దగ్గు పుట్టి రెండవ మూలకు పాకుతుంది. కొత్తగా వచ్చిన గురువులొకరు తమ ప్రసంగం మాకు నచ్చలేదేమోనని కంగారుపడిన సందర్భం కూడ ఉంది.

నేను ఈ పట్నంలో ముప్పై ఏళ్లకు పైగా ఉంటున్నాను. ఉద్యోగం నుండి విశ్రాంతి తీసుకున్నాక నా దినచర్య ఒక గాడిలో పడింది. త్రికాల జపం గంటకు లేవటం, పూజ, తిరిగివస్తూ పాల ప్యాకెట్టు, ఇంటికొచ్చి దినపత్రిక. పదిగంటలకు కూరగాయలు. మధ్యాహ్నం కునుకు. సాయంత్రం లకారం చెరువుగట్టు మీద నడక. అక్కడ నా ఈడు వాళ్లు నలుగురైదుగురు కలుస్తారు. బి.పి., షుగరు, అమెరికాలో ఉన్న కొడుకులు, పట్నంలో స్థలాల ధరలు ఇవీ మా మాటలు. రాత్రి ఇంటిల్లిపాదీ (అంటే నేనూ, నా భార్య) జపమాల చెప్పుకుని పడుకుంటాం. ఎవరికీ కీడు తలపెట్టని బ్రతుకు. పాపసంకీర్తనకు మోకరిల్లినప్పుడు ఏమి చెప్పాలా అని వెదుక్కునే బ్రతుకు.

అలా వెదుక్కునే నాకు ఈ తపస్సుకాలంలో వెదకనక్కరలేని పాపం ఒకటి దొరికింది. దానిని మీతో చెప్పుకోవాలనే ఈ వారం కలం పట్టుకున్నాను.

మా బంధువుల ఇంట్లో శుభకార్యానికి భద్రాచలం వెళ్లి, మరునాడు శుక్రవారం మధ్యాహ్నం బస్సులో తిరిగి వస్తున్నాను. గోదావరి వంతెన దాటాం, సారపాక దాటాం. దారికి రెండు పక్కలా చెట్లు మొదలయ్యాయి. నా ముందు సీటులో ఒక యువతి కూర్చుని ఉంది. పాతికేళ్లు ఉండవేమో. ఒడిలో గుడ్డ చుట్టిన పసిబిడ్డ. కాళ్ల దగ్గర చిన్న సంచిలో ఎండుమిరపకాయలు. చేతిలో మందుల కవరు. బిడ్డ ఏడవటం లేదు. జ్వరం బాగా ఉన్న పిల్లలు ఏడవరు, పెంచినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

కండక్టరు వచ్చాడు. మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుండి ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితమన్న సంగతి మీకు తెలిసిందే. కాని తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆమె కొంగుముడి విప్పి, ప్లాస్టిక్ కవరులో మడిచి దాచుకున్న కార్డు తీసి ఇచ్చింది. దాని మీద ఉన్నది ఛత్తీస్‌గఢ్ చిరునామా. కండక్టరు కార్డు తిప్పి చూశాడు. “ఇది చెల్లదమ్మా, టిక్కెట్టు తీసుకోవాలి” అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. ఆయన వేళ్లతో డబ్బు సైగ చేశాడు. జూలూరుపాడు అంది. మిరప తోటల్లో తనవాళ్లు అక్కడ ఉన్నారు కాబోలు. ఉన్న డబ్బు తీసి ఇచ్చింది. సరిపోలేదు. 40 రూపాయలు తక్కువ. మందులకు ఖర్చయిపోయి ఉంటుంది. ఆమె వంగి మిరపకాయల సంచి ఎత్తి ఆయనకు చూపింది. అది తీసుకోమన్నట్లు.

కండక్టరు మంచివాడే. కసురుకోలేదు. సంచి ఆమె కాళ్ల దగ్గరే పెట్టి, తలెత్తి ఒకసారి బస్సంతా కలయజూశాడు. ఆ చూపు దేనికో నాకు తెలుసు. మీకూ తెలుసు. ఎవరైనా ఒకరు “నేనిస్తాలే బాబూ” అంటారేమోనని చూసిన చూపు అది.

నా చొక్కా జేబులో మూడు వంద రూపాయల నోట్లు, కొంత చిల్లర ఉన్నాయి. నేను కిటికీలోంచి బయటకు చూశాను.

ఎందుకు చూశాను? దీనికి జవాబు నేను చాలాసార్లు వెదికాను. పిసినారితనం కాదు. అంతకు గంట క్రితమే చదివింపుల్లో అంతకు పదింతలు ఇచ్చి వచ్చాను. అసహ్యం కాదు. భయం కూడ కాదు. బస్సులో అందరూ ఊరుకున్నారు గనుక నేను కలగజేసుకుంటే పదిమంది కళ్లూ నామీద పడతాయని మొహమాటం కొంత. ఎవరో ఒకరు ఇస్తారులే అన్న ధీమా కొంత. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఒకటే. ఆమె నా లెక్కలో లేదు. నా ముందు సీటులోనే ఉంది, కాని నా లోకంలో లేదు.

కండక్టరు ఆమె ఇచ్చిన డబ్బుకు ఎంతవరకు వస్తుందో అంతవరకే టిక్కెట్టు కొట్టాడు. పాల్వంచకు ఇవతల ఒక అడ్డరోడ్డు దగ్గర బస్సు ఆగింది. ఆమె దిగింది. నీడ ఇచ్చే చెట్టు కొంచెం దూరంలో ఉంది. గుడ్డలోంచి బిడ్డ చెయ్యి ఒకటి బయటకు వేలాడుతోంది. బస్సు కదిలింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనుక సీటులో ఒకాయన ఈ ఏడు తేజ రకం మిరపకు ధర ఎలా ఉందో ఎత్తుకున్నాడు. ఆ మాటల్లో నేనూ కలిశాను! ఖమ్మం చేరేదాకా మిరప ధరల గురించే మాట్లాడాను. అన్నిటికంటే నన్ను ఎక్కువ సిగ్గుపరిచేది అదే.

ఆ సాయంత్రం గుడిలో సిలువ మార్గం. ఐదవ స్థలం చదివే వంతు నాకు వచ్చింది. కురేనియ సీమోను ప్రభువు సిలువను మోయుట. ముప్పై ఏళ్లుగా చదువుతున్నదే. ఆ వేళ మాత్రం ఒక సంగతి కొత్తగా తగిలింది. యెరూషలేము పట్నంలో ఆ రోజు ఎంతమంది లేరు! పండుగకు వచ్చిన జనం, వ్యాపారులు, యాజకులు, పెద్దలు. వారందరూ చూస్తూ నిలబడ్డారు. సిలువ భుజానికెత్తుకున్నది పల్లెపట్టునుండి పట్నంలోకి వస్తున్న ఒక పరదేశి. అతడు కూడ ఇష్టపడి మోయలేదు, సైనికులు బలవంతాన మోయించారు. అయినా సువిశేషం అతని పేరు దాచి ఉంచింది. మార్కు అయితే అతని కుమారులు అలెగ్జాండరు, రూఫసుల పేర్లు కూడ వ్రాసి పెట్టాడు. చూస్తూ నిలబడిన పట్నవాసుల పేర్లలో ఎన్ని మిగిలాయి? నా గొంతు పట్టుకుపోయింది. పక్కనున్నావిడ మిరప ఘాటు అనుకుని మంచినీళ్ల సీసా అందించింది.

ఇక్కడ నా కథ ఆపి, తపస్సుకాలం రెండవ వారం గురువారంనాడు తల్లి శ్రీసభ మన చేత చదివించే సువిశేష భాగానికి వద్దాం. లూకా 16వ అధ్యాయంలోని ధనవంతుడు, లాజరు. ఇది మనందరికీ బాగా తెలిసిన ఉపమానం. మరీ బాగా తెలిసినందువల్ల దానిని మనం సరిగా వినటం మానేశామేమో.

ఆ ధనవంతుడు చేసిన తప్పేమిటో ఒకసారి వెదకండి. అతడు లాజరును కొట్టాడని లేదు. తిట్టాడని లేదు. వాకిట్లోంచి గెంటించాడని కూడ లేదు. పట్టుబట్టలు కట్టుకున్నాడు, రోజూ విందు భోజనం చేశాడు. అతని సొమ్ము దొంగసొమ్మని ప్రభువు చెప్పలేదు. లాజరు వాకిట పడి ఉన్నాడు. అంతే. ధనవంతుడు వస్తూ పోతూ ఆ వాకిలి ఎన్నిసార్లు దాటి ఉంటాడు! దాటిన ప్రతిసారీ, నావలెనే, కిటికీలోంచి బయటకు చూసి ఉంటాడు. ఆ పుండ్ల దగ్గరకు వచ్చినవి కుక్కలు మాత్రమే.

మరొక విశేషం గమనించండి. ప్రభువు ఎన్నో ఉపమానాలు చెప్పాడు. విత్తువాడు, తప్పిపోయిన కుమారుడు, సమరీయుడు, వితంతువు, న్యాయాధిపతి. వారెవరికీ పేర్లు లేవు. పేరు పెట్టి చెప్పినది ఒక్క లాజరుకే. దేవుడే నాకు సహాయము అని ఆ పేరుకు అర్థం. ధనవంతునికి పేరు లేదు. ఊరిలో అయితే సంగతి తలక్రిందులుగా ఉండేది కదా! ధనవంతుని పేరు పదిమంది నోళ్లలో, అతని ఇంటి గోడ మీద ఉండి ఉంటుంది. లాజరును ఆ వాకిట బిచ్చగాడు అని ఉంటారు. దేవుని పుస్తకంలో జమాఖర్చులు వేరు.

మరి నన్ను కలవరపెట్టిన సంగతి చెబుతాను. చనిపోయి యాతన పడుతున్న ధనవంతుడు తలెత్తి, అబ్రహాము ఒడిలో ఉన్నవానిని చూసి, నా నాలుక తడపటానికి లాజరును పంపమని వేడుకుంటాడు. లాజరును! అంటే ఆ పేరు అతనికి తెలుసు. ఇన్నాళ్లూ తెలుసు. వాకిట ఉన్నది ఎవరో తెలిసే దాటాడు. చచ్చాక కూడ అతని అలవాటు పోలేదు. లాజరును క్షమాపణ అడగలేదు సరికదా, నీళ్లు తేవటానికి పంపమంటున్నాడు, పనివానిని పంపమన్నట్లు.

చిన్నప్పటినుండి ఆ ధనవంతుడంటే నాకు చిన్నచూపు ఉండేది. ఇప్పుడు లేదు. ఆయనకు తన వాకిట ఉన్నవాని పేరైనా తెలుసు. నా ముందు సీటులో కూర్చున్న తల్లి పేరు నాకు తెలియదు. నేను అడగలేదు.

నాల్గవ శతాబ్దంలో అంతియోకయ పట్నంలో పునీత క్రిసోస్తం యోహానువారు ఈ ఒక్క ఉపమానం మీదే వరుసగా అనేక ప్రసంగాలు చేశారు. అంతియోకయ అప్పటి మహానగరాలలో ఒకటి, వ్యాపార కేంద్రం. ఉన్నదానిలో పేదకు భాగం పెట్టకపోవటం కూడ దొంగతనమే అన్న అర్థంలో ఆయన ఆ నగరవాసులకు బోధించారు. అంత పెద్ద మాట ఎందుకండీ, మన సంపాదన మనం కష్టపడి సంపాదించుకున్నదేగా అని ఎవరైనా అంటారేమో. నేనూ అనుకునేవాడిని. అందుకని ఒకరోజు ఇంట్లో కూర్చుని ఒక చిన్న లెక్క వేశాను.

మా ఇంట్లో చింతపండు అడవి అంచునుండి వచ్చింది. కొండచీపురు అక్కడిదే. అడ్డాకు విస్తళ్లు, తేనె అక్కడివే. మా పెద్దాయన ఒకప్పుడు కాల్చిన బీడీల తునికాకు ఆ అడవిదే. మండు వేసవిలో, ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే అడవిలోకి వెళ్లి ఒక్కొక్క ఆకే కోసి, యాభై ఆకులు ఒక కట్టగా కట్టి కల్లంలో లెక్క అప్పజెబుతారు. నా తల మీద తిరిగే ఫ్యానుకు కరెంటు పాల్వంచలో పుడుతుంది. దానికి బొగ్గు సింగరేణి గనులనుండి, అంటే ఒకప్పుడు అడవి ఉన్న నేల అడుగునుండి వస్తుంది. ఇక పచ్చడి జాడీలో మిరపకాయ. దానిని చెట్టునుండి తుంచిన వేళ్లు ఎవరివి?

మనలో చాలామందికి తెలియని సంగతి కాదు గాని, వరుసగా చెప్పుకోవటం మంచిది. సరిహద్దుకు ఆవల బస్తరు ప్రాంతంలో 2005లో సల్వా జుడుం పేరుతో మొదలైన మారణకాండలో ఇటు ఆయుధాలకు, అటు ఆయుధాలకు మధ్య నలిగి, ఊళ్లు తగలబడి, వేలాదిమంది ఆదివాసులు అడవి దారుల వెంట మన వైపుకు వచ్చారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు ఆ సల్వా జుడుం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది గాని తగలబడిన ఇళ్లు తిరిగి లేవలేదు. వచ్చినవారు ఇక్కడే అడవిలో వాగుల పక్కన గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్లను గుత్తికోయలు అంటున్నాం. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉన్నవారికే పట్టా. ఆ తేదీ తరువాత ప్రాణాలు దక్కించుకుని వచ్చినవానికి పట్టా లేదు. ఇక్కడ గిరిజనుడన్న పత్రం దొరకటం కష్టం. పత్రం లేనిదే బడిలో, ఆసుపత్రిలో, రేషను షాపులో ప్రతి గడప దగ్గరా ఒక ప్రశ్న. ఇప్పుడు బస్సులో కూడ.

జనవరినుండి ఏప్రిల్ వరకు మిరప కోతలకు వీరూ, ఇంకా ఆవలినుండి వలస వచ్చినవారూ మన తోటల్లో దిగుతారు. చేను గట్టునే పట్టాలు కప్పుకుని ఉంటారు. కూలి కొన్నిచోట్ల డబ్బుగా, కొన్నిచోట్ల కాయగా. ఆమె కాళ్ల దగ్గరి సంచి అదే అయి ఉంటుంది. రోజంతా కాయ కోసిన చేతులతో కన్ను నలుపుకోలేరు, బిడ్డను ఎత్తుకోలేరు. రైతు దుర్మార్గుడని నేనటం లేదు. 2017 ఏప్రిల్ 28న ధర పడిపోయి కడుపు మండిన రైతులు మన ఖమ్మం యార్డులోనే ఏమి చేశారో, తరువాత కొందరిని సంకెళ్లతో కోర్టుకు ఎలా తెచ్చారో మనం చూశాం. కాయ పండించినవానికే గిట్టనప్పుడు కోసినవానికి ఎంత గిట్టుతుంది? అందరికంటె తక్కువ చెమటతో ఆ కాయను రుచి చూసేది పట్నంలో కూర్చున్న నేనే.

వాళ్లు అడవి నరుకుతున్నారు గదా అని మీలో కొందరు అంటారు. ఆ ప్రశ్నను నేను పక్కకు నెట్టను. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక అటవీ అధికారి విధి నిర్వహణలో ఉండగా హతుడయ్యాడు. అది ఘోరం. ఆయన కుటుంబం కన్నీరు కూడ దేవుని సన్నిధికి చేరింది. హత్య చేసినవారిని చట్టం చూసుకోవాలి. కాని ఆ తరువాత ఒక్కసారిగా అడవిలో ఉన్న ప్రతి గుత్తికోయనూ మనం అదే కంటితో చూడటం మొదలుపెట్టాం. మన పట్నంలో ఎక్కడో ఒక హత్య జరిగితే వీధిలో ఉన్నవాళ్లందరినీ హంతకులంటామా? పేరు తెలిసినవాడి తప్పు అతని తప్పుగా ఉంటుంది. పేరు తెలియనివాడి తప్పు అతని జాతి అంతటి తప్పు అవుతుంది. ఆలోచించండి.

1988లో వరంగల్లునుండి వేరుపడి మన ఖమ్మం మేత్రాసనం ఏర్పడినప్పుడు పట్నాలతోపాటు ఈ అడవి అంచు కూడ మన వంతుకు వచ్చింది. ఏటా తపస్సుకాలంలో కానుక పెట్టె తిప్పుతాం, అందరమూ వేస్తాం. నేనూ వేశాను. ఆ శుక్రవారానికి ముందు ఆదివారమే 100 రూపాయల నోటు మడిచి వేశాను. ఏ పేదలకోసమని వేశానో, ఆ పేదల్లో ఒకరు అయిదు రోజులకే నా ముందు సీటులో కూర్చున్నారు. పెట్టెకు ఇవ్వటం సులువు. పెట్టె మన ముఖంలోకి చూడదు.

దీనికి ఎదురుగా మన కళ్లముందే జరిగిన ఒక సంగతి గుర్తుచేస్తాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మున్నేరు ఎన్నడూ లేనంతగా పొంగింది. ఆ రోజు పూజకు కూడ చాలామంది రాలేకపోయాం. ఒడ్డున ఉన్న కాలనీలు పైకప్పుల దాకా మునిగాయి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేకపోయింది. గంటలు గడుస్తున్నాయి. అప్పుడు ఒక జేసీబీ డ్రైవరు తన బండిని ఆ నీళ్లలోంచే వంతెన మీదకు నడిపించుకుని వెళ్లి ఆ తొమ్మిదిమందిని ఒడ్డుకు తెచ్చాడు. ఆయన మన ఊరివాడు కాదు, మన మతంవాడు కాదు. హర్యానానుండి పనికోసం వచ్చినవాడు. వంతెన మీద ఉన్నవాళ్ల గుర్తింపు కార్డులో ఏ చిరునామా ఉందో ఆయన అడగలేదు. ఆ రాత్రి ఖమ్మమంతా అతని పేరు చెప్పుకుంది. నేనూ చెప్పుకున్నాను. సమరీయుని ఉపమానం ఈనాడు మన మున్నేటి మీద జరిగిందని లకారం గట్టు మీద నా మిత్రులకు ప్రసంగం కూడ చేశాను. చెప్పటం నాకు బాగానే వచ్చు.

పాపసంకీర్తనకు వెళ్లినప్పుడు ఈ బస్సు సంగతి చెప్పాను. చేసిన పాపాలే కాదు, చేయవలసిన మేలు చేయకుండా మానుకోవటం కూడ పాపమని పూజ ఆరంభంలోనే మనం గుండె తట్టుకుని ఒప్పుకుంటాం కదా. గురువుగారు చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మార్గంలో మళ్లీ వెళ్లండి అన్నారు. ప్రాయశ్చిత్తంగా ఇంకేవైనా జపాలు చెప్పమంటారేమోనని ఎదురుచూశాను. ఇంకేమీ చెప్పలేదు.

మా వీధికి చీపుళ్లు అమ్మటానికి వచ్చే కోయ ఆవిడ ఒకామె ఉంది. పదకొండేళ్లుగా వస్తోంది. నెత్తిమీద కట్ట దించి మా గేటు ముందు కూర్చుంటుంది. నేను రెండు చీపుళ్లు బేరమాడి పది రూపాయలు తగ్గించుకుంటే ఆ పూట ఏదో గెలిచినట్లు ఉండేది. ఈ మధ్య ఆమె వచ్చినప్పుడు గేటు తీసి, లోపలికి వచ్చి నీడన కూర్చోమన్నాను. అనుమానంగా చూసింది. మంచినీళ్లు ఇచ్చాను. “నీ పేరేమిటమ్మా?” అని అడిగాను.

ఆమె వెంటనే చెప్పలేదు. “ఎందుకు సారూ? ఏమన్నా రాసుకుంటున్నారా?” అంది. పేరు అడిగినవాళ్లందరూ ఏదో ఒక కాగితం మీద రాసుకుని పోయినవాళ్లే గదా ఆమె అనుభవంలో. ఊరికే అడిగానమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది. ఆ పేరు ఇక్కడ వ్రాయను. అది ఆమెది. చెప్పి, కొంగుతో మూతి తుడుచుకుని, “మరి మీ పేరేంది?” అని అడిగింది. పదకొండేళ్లలో ఆమెకూ నా పేరు తెలియదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

లోపలికి వచ్చి నా భార్యతో చెబితే, ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే, “ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దపిల్ల పెళ్లి పోయిన వేసవిలో అయింది. మీకు పేరు అడగటానికి పదకొండేళ్లు పట్టిందా?” అంది. మా ఇంట్లో ఒకరు ఎప్పుడో ఆ గేటు తీసి ఉన్నారు. ఆ సంగతి నాకే తెలియదు.

గురువుగారు చెప్పినట్లు నిన్న మళ్లీ భద్రాచలం వెళ్లి వచ్చాను. పని ఏమీ లేదు. జేబులో చిల్లర సరిచూసుకుని మరీ ఎక్కాను. దారి పొడవునా ఇప్పచెట్ల కింద రాలిన పూలు అక్కడక్కడా తెల్లగా కనిపిస్తున్నాయి. తెల్లవారుజామునే ఏరుకుపోగా మిగిలినవి. మిరప కోతలు చివరికి వచ్చాయి. సామాన్లతో, పిల్లలతో కిక్కిరిసిన ట్రాలీ ఆటోలు రెండు మాకు ఎదురుగా సరిహద్దువైపు వెళ్లిపోయాయి. అందులో ఆడవారి ముఖాలు చూడటానికి ప్రయత్నించాను. దుమ్ములో ఎవరినీ పోల్చుకోలేకపోయాను. నిజానికి ఆమె ముఖం నాకు సరిగా గుర్తులేదు. బిడ్డ చెయ్యి గుర్తుంది.

పాల్వంచకు ఇవతల ఆ అడ్డరోడ్డు దగ్గర బస్సు ఆగింది. ఇద్దరు దిగారు. ఎక్కినవారు ఎవరూ లేరు.